లేని కొట్టుకు బోర్డు కట్టిన మా చిన్నది

మా తోటికోడలి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా వీధిలో గొప్పవాళ్ల గురించి రాసేవాళ్లున్నారు, పోయినవాళ్లను పొగిడేవాళ్లున్నారు. బతికున్న మామూలు ఆడమనిషి, అదీ కాలర్లు కుట్టుకునే మనిషి, ఎవరికి పట్టింది? అందుకే నేనే కూర్చున్నాను. నాకు చేతకాదనుకునేరు. మా ఊరి రేకుల బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ బడి నుంచి పై పరీక్షకు కూర్చున్న మొదటి ఆడపిల్లను నేనే. పెద్దాసుపత్రి వంటశాలలో గిన్నెలు తోమడానికి చేరి, ఆ వంటశాలకే పెద్దనై దిగిపోయాను. బాయిలరు చెడిపోయిన రోజున పెరట్లో రాళ్ల పొయ్యిలు పెట్టించి, ఒక్క రోగి కూడా ఆకలితో పడుకోకుండా చూసింది నేను. మా వీధికి కుళాయి వచ్చిందంటే మున్సిపాలిటీ ఆఫీసు మెట్ల మీద నేను కదలకుండా కూర్చోబట్టి వచ్చింది. ఇవి గొప్పలు కావు, జరిగినవి. ఇంతమంది మనుషులతో పని చేయించిన నేను చెబుతున్నాను: మా చిన్నదానికున్న బుర్ర మా ఇంటి మగవాళ్లలో ఒక్కరికీ లేదు. లేకపోతే పోనీ. ఉన్నదాన్ని పట్టుకుని పిచ్చిదన్నారు చూడండి, దానికి నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ చల్లారలేదు.

చిన్నదంటే మా మరిది భార్య. జుట్టు సగం నెరిసినా ఇంట్లో అందరికీ అది చిన్నదే. బట్టల ఫ్యాక్టరీలో కాలర్ల లైనులో పని చేసేది. చొక్కా మొత్తం దాని చేతికి ఎన్నడూ వచ్చేది కాదు. ఒకరు జేబు, ఒకరు చెయ్యి, ఇది కాలరు. కళ్లు చురుకైనవని కొన్నాళ్లకు తప్పులు దిద్దే బల్ల దగ్గర వేశారు. వంకరపోయిన కుట్టును గుడ్డ చిరగకుండా విప్పి మళ్లీ కుట్టడం అక్కడి పని. ఒక పొద్దున వెళ్లేసరికి గేటుకు తాళం, తాళం పక్కన ఒక కాగితం. మిషన్లు అప్పటికే లారీలెక్కి వెళ్లిపోయాయట. అన్నేళ్లు మెడలు వంచి కుట్టిన ఆడవాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలని ఆ యజమానికి తోచలేదు.

చిన్నది ఇంటికొచ్చి, పొద్దున క్యారేజీలో సర్దుకున్న అన్నం మా వంటింట్లోనే కూర్చుని తినేసింది. చెయ్యి కడుక్కున్నాక నాతో అంది.

"అక్కా, ఇక ఇంకొకరి గేటు దగ్గర నిలబడను. ఇంట్లోనే ఏదైనా పెట్టుకుంటాను. ఏది పెట్టాలో తేలాలి, అంతే."

"తేల్చుకో. ముందు గది ఖాళీగానే ఉంది కదా."

మా ఇల్లు రైలు డబ్బాలాంటిది. వీధి వైపు ముందు గది, దాని వెనక నడిమి గది, వంటిల్లు, చివర వెనక సందులోకి తలుపున్న నా గది. ముందు గదిలో ఇదివరకు టైపు నేర్పే ఆయన అద్దెకుండేవాడు. ఆయన ఖాళీ చేశాక అందులో ఒక కుర్చీ, బోలెడు దుమ్ము మిగిలాయి. మా మరిదికి బస్సు డిపోలో టైర్లు చూసే పని. మంచివాడే. కానీ చివర మాట్లాడిన మనిషి మాటే వాడి మాట. పెళ్లాం గది అడిగితే "సరే తీసుకో" అన్నాడు. సాయంత్రానికి సలహాల బావ దిగాడు.

ఆయన మా ఆడపడుచు భర్త. వీధంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది, ఆయనకు అది బిరుదులా ఉంటుంది. ఆయన చేసిన వ్యాపారాలు చెబుతాను వినండి. మేడ మీద కుందేళ్లు పెంచాడు, అవి అందనంత ఎత్తున తాళ్ల మీద ఆరేసిన బట్టలు తప్ప ఏమీ మిగల్చలేదు. మంచం కింద పుట్టగొడుగులు వేశాడు, మంచం కుళ్లింది. పదిమందిని చేర్పిస్తే కారు ఇస్తారన్న సబ్బుల బేరంలో దిగాడు, ఆ సబ్బులతో మేము ఇప్పటికీ గచ్చు కడుగుతున్నాం. ఇన్ని చేసినవాడిని ఏ రోజూ ఎవరూ కూర్చోబెట్టి "ఇది నడుస్తుందా నాయనా" అని అడగలేదు. మగవాడు పెడితే ధైర్యం. ఆడది పెడతానంటే మాత్రం ఇంటిల్లిపాదీ పరీక్ష పెట్టేవాళ్లే.

"చెల్లెమ్మా, కాలర్లు తప్ప నీకేం వచ్చు?" అన్నాడు, నేనిచ్చిన టీ తాగుతూనే. "ఒట్టి కాలరు ఎవరు కొంటారు? నా స్నేహితుడొకడు వ్యాయామం మిషన్లు పెట్టడానికి గది చూస్తున్నాడు. ముందు గది వాడికిచ్చేయండి. నిన్ను ప్యాకింగు షెడ్డులో చేర్పిస్తా. అట్టపెట్టెలకు టేపు అంటించడమే, కూర్చుని చేసే పని."

"నేను ఆలోచిస్తున్నాను అన్నయ్యా," అంది చిన్నది.

"ఆలోచించు. నెలాఖరు దాకా ఆలోచించు. అప్పటికీ తేలకపోతే గది వాడికి, నువ్వు షెడ్డుకి. ఏమంటావు బావా?"

మా మరిది గోడ వైపు చూశాడు. "బావ చెప్పిందీ బాగానే ఉంది."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా ఇంటి గది, మా ఇంటి కోడలు. గడువు పెట్టేది బయటి నుంచి వచ్చి మా టీ తాగినవాడు.

మర్నాటి నుంచి ఆయన పరీక్ష మొదలైంది. ఏ వ్యాపారమైనా ముందు జనం అభిప్రాయం తీసుకోవాలన్నాడు. ఆ మాట తప్పు కాదు. ఆయన దృష్టిలో జనమంటే మన చుట్టాలు, అదీ తంటా. చిన్నది చేసే కేకు బాగుంటుందని ఎవరో అన్నారు. ఇక చూడండి, వరసగా నాలుగిళ్లకు కేకులు చేసి పంపింది. అందరూ తిన్నారు. ఫోనులో ఒకరిని మించి ఒకరు పొగిడారు. "అబ్బ, ఎంత మెత్తగా ఉందో, పెట్టేయ్, వెంటనే పెట్టేయ్," అన్నారు. ఒకావిడైతే వచ్చేవారం ఇంటికి చుట్టాలొస్తున్నారు, ఇంకొకటి పంపమంది. "మనలో మనకు డబ్బులేంటి" అని కూడా తనే అనేసింది.

నేను కడిగేద్దామని ఫోను అందుకున్నాను. చిన్నది నా చేతిలోంచి ఫోను తీసుకుని పక్కన పెట్టింది.

"వాళ్లని అని లాభం లేదక్కా. మనవాళ్లని అడిగితే మొహమాటానికి బాగుందంటారు, కాకపోతే కడుపుమంటకి బాలేదంటారు. మొహం తెలియనివాళ్లు ఏమంటారో చూడాలి."

"మొహం తెలియనివాళ్లు మనింటికి ఎందుకొస్తారే?"

"రప్పిస్తాను," అంది.

మర్నాడు గేటుకు అట్టముక్క వేలాడుతోంది. లావుపాటి అక్షరాలతో 'ఇచ్చట కేకులు చేయబడును' అని రాసి ఉంది. ఇంట్లో పిండి లేదు, గుడ్డు లేదు. వచ్చినవాళ్లను గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడేది. "వచ్చే నెల మొదలుపెడదామని ఉందండీ. మీకెలాంటిది కావాలి, ఎప్పటికి కావాలి?" అని అడిగి, నవ్వుతూ పంపేసేది. కొన్నాళ్లకు ఆ అట్ట దింపి 'పిల్లలకు చదువు చెప్పబడును' అని కట్టింది. తరవాత 'కొత్త బట్టలు కుట్టబడును' అని కట్టింది. లేని కొట్టుకు బోర్డు. వీధి వీధంతా నవ్వింది. బోర్డులమ్మ అని పేరు పెట్టారు. పాలవాడు గేటు దగ్గర సైకిలాపి, "పెద్దమ్మా, ఇవాళ మీ ఇంట్లో ఏ కొట్టు?" అని అడిగేవాడు.

"ఇవాళ నోళ్లు కుట్టబడును," అన్నాను నేను. "ముందు నీదే. ఇటు రా."

సలహాల బావకు మాత్రం పరువు పోయింది. పరువంటే ఆయనకు మంచం కింద పుట్టగొడుగులప్పుడు గుర్తు రాలేదు. "లేనిదాన్ని ఉందని బోర్డు పెట్టడం మోసం చెల్లెమ్మా," అన్నాడు.

"ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు కదన్నయ్యా. వచ్చే నెలే అని చెబుతూనే ఉన్నాను."

"జనం నవ్వుతున్నారు."

"నవ్వనీయండి. అన్నీ కొని పెట్టుకున్నాక నవ్వేకంటే ఇప్పుడు నవ్వడం నయం."

కేకుల కోసం వచ్చినవాళ్లందరూ ఒక ముక్క రుచి చూపించమన్నారు, ఫొటోలున్నాయా అని అడిగారు, అటే వెళ్లిపోయారు. చదువుకోసం వచ్చిన తల్లులకు చదువు అక్కర్లేదు. ఆఫీసు నుంచి వాళ్లు తిరిగొచ్చేదాకా పిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకుని కూర్చుంటే చాలు. కొత్త బట్టల బోర్డుకు మాత్రం గేటు ఊడిపోయేంత జనం వచ్చారు. ఫోనుల్లో బొమ్మలు చూపించేవాళ్లు, భుజాలు కొలుచుకునేవాళ్లు, ఒకరిని తోసుకుని ఒకరు. నా గుండె నిండిపోయింది. ఇదే అని నేను ఖాయం చేసేశాను. ముందు గది దుమ్ము నేనే దులిపాను, కిటికీలు నేనే కడిగాను. సాయంత్రం చూస్తే అది ఆ బోర్డును దింపేస్తోంది.

నాకు కోపం నషాళానికంటింది. "గేటు దగ్గర అంతమంది నిలబడితే దింపేస్తావా? నీకేమైనా పట్టిందా?"

"ఒక్కరి చేతిలో గుడ్డ లేదక్కా," అంది. "అందరూ ఒట్టి చేతులతో వచ్చారు. గుడ్డ కొన్నవాళ్లయితే పట్టుకుని వస్తారు. పైగా వీధిలో ఇద్దరు దర్జీలున్నారు కదా. వచ్చినవాళ్లలో సగంమంది ఆ ఇద్దరితోనూ గొడవపడ్డవాళ్లే, వాళ్ల నోటితోనే చెప్పారు. ఇద్దరితో పడనివాళ్లకు నాతో మాత్రం ఏం పడుతుంది?"

నేను ఆసుపత్రిలో ఎంతమంది పెద్ద డాక్టర్లకో ఎదురు చెప్పినదాన్ని. దీని మాటకు మాత్రం బోర్డు తాడు రెండో కొస నేనే విప్పాను.

ఆఖరున ఒక బోర్డు కట్టింది. 'బట్టలు వదులు చేయబడును, బిగించబడును.' తప్పులు దిద్దే బల్ల దగ్గర నేర్చిన పని. "కుట్టేవాళ్లు వీధికొకరున్నారక్కా, విప్పడం తెలిసినవాళ్లు లేరు," అంది. నాకూ సబబుగానే తోచింది. కానీ ఆ బోర్డు దగ్గర ఒక్క మనిషి ఆగలేదు. చదువుకుంటూ వచ్చేవారు, 'వదులు' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి అడుగు జోరు పెంచి దాటిపోయేవారు. నెల చివరికొచ్చింది. సలహాల బావ రోజూ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి బోర్డును, ఖాళీ గుమ్మాన్ని మార్చి మార్చి చూసి, పెదవి విరిచి పోయేవాడు. ఆ విరిచే పెదవిని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

దానికి తోడు నాకు మధ్యాహ్నం కునుకు కూడా కరవైంది. నా గదికి వెనక సందులోకి తలుపుందని చెప్పాను కదా. భోజనం చేసి అలా వాలానో లేదో ఎవరో ఒకరు ఆ తలుపు తట్టేవాళ్లు. గట్టిగా కాదు, వేలి కణుపుతో, దొంగ తట్టినట్టు. తీస్తే బ్యాంకు దగ్గర కాపలా ఉండేవాడు, చంకలో సంచి. "ఇక్కడ... వదులు..." అని నసిగాడు.

"ముందు గుమ్మం కనపడలేదా? బోర్డు అక్కడ కట్టాం. పోయి మర్యాదగా ముందు నుంచి రా," అని తలుపు వేశాను. ఇంకో రోజు మందుల షాపావిడ, మడిచిన కోటు పట్టుకుని. ఆవిడనూ అలాగే పంపాను. మరి పంపనా? మా ఇంటికి వచ్చేవాళ్లు దొడ్డిదారిన రావలసిన ఖర్మేమిటి? నేను నలుగురి ముందు తలెత్తుకు బతికిన మనిషిని.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఇదే చెప్పుకుని మండిపడ్డాను. "మర్యాద తెలియని జనం. ముందు అంత పెద్ద గేటుండగా వచ్చి నా తలుపు కొడతారు."

చిన్నది చెయ్యి కంచంలోనే ఆగింది. "ఎవరక్కా?"

"ఎవరైతేనేం. కాపలా అతను, మందుల షాపావిడ, ఇంకెవరో."

"చేతిలో ఏమైనా ఉందా?"

"ఉంది. సంచి. వాసన చూశానా ఏమిటి అందులో ఏముందో."

అది కంచం తీసుకుని లేచింది. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నా గది వెనక మెట్టు మీద కూర్చుని కూరలు తరగడం మొదలుపెట్టింది. నాకు కునుకు దొరికింది కాబట్టి నేను అడగలేదు. మధ్యలో మెలకువ వస్తే మెల్లగా మాటలు వినిపించేవి. వెనక సందు ఆడవాళ్లతో కబుర్లనుకున్నాను.

నెలాఖరు ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే సలహాల బావ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని దిగాడు. ఆ స్నేహితుడు వస్తూనే ముందు గదిలో టేపు సాచి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. నేను దులిపి, కడిగి, తుడిచిన గది.

"ఎవరినడిగి కొలుస్తున్నావయ్యా?" అన్నాను.

"అక్కయ్యా, మాట మాటే కదా," అన్నాడు సలహాల బావ. "నెల అయిపోయింది. ఆఖరి బోర్డుకు ఒక్కరూ రాలేదు, నేను రోజూ చూస్తూనే ఉన్నాను."

"నువ్వు కుందేళ్లు పెంచినప్పుడు ఎన్నాళ్లు గడువు పెట్టారు తమ్ముడూ నీకు? ఎవరు వచ్చి నీ మేడ కొలిచారు? సబ్బుల పెట్టెలు మా అటక మీద దించినప్పుడు నీ చెల్లెమ్మ ఒక్క మాట అందా? అది పైసా ఖర్చు లేకుండా, అట్టముక్కతో, ఇల్లు కదలకుండా అన్నీ తేల్చుకుంటోంది. దాన్ని పట్టుకుని నలుగురిలో నవ్వులపాలు చేస్తారా? అబ్బాయీ, నువ్వు మాట్లాడవేం? నీ పెళ్లాం గది నీ కళ్ల ముందు కొలుస్తుంటే గోడ చూస్తావేం?"

మా మరిది గోడ మీంచి చూపు తిప్పాడు. "అది కాదు వదినా. ఎవరూ రాకపోతే గది పెట్టుకుని మాత్రం..."

"వస్తారు. గది ఇస్తే వస్తారు. నేను ఉండగా ఈ గది ఇంకొకరికి ఇవ్వడం కుదరదు."

అప్పుడు నడిమి గదిలోంచి చిన్నది వచ్చింది. చేతులు తుడుచుకుంటూ, తాపీగా.

"అక్కా, నాకు ముందు గది వద్దు."

నాకు చెవులు పనిచేయలేదేమో అనుకున్నాను. సలహాల బావ అంతకుముందే ఊపడానికి సిద్ధంగా ఉన్న తలను ఊపడం మొదలుపెట్టాడు.

"వద్దంటే? షెడ్డుకు పోతావా?"

"పోను. పని వచ్చింది. చాలా వచ్చింది." అది నా వైపే చూసి మాట్లాడింది. "బట్టలు బిగుతైపోయాయని నలుగురూ చూస్తుండగా ఎవరూ రారక్కా. లావయ్యామని చెప్పుకుంటూ వీధి గుమ్మం ఎక్కుతారా? కాపలా ఆయన ప్యాంటు హుక్కు పడక, పైన బెల్టు కప్పుకుని డ్యూటీ చేస్తున్నాడు. మందుల షాపావిడ కోటు చంకల దగ్గర చీలింది. ఒకాయన పోయిన అన్నగారి చొక్కాలు తెచ్చుకున్నాడు, తన కొలతకు చేయమని. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక వెనక సందులోంచి వస్తున్నారు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో వస్తువు ఉంది. నా పనికి వెనక గుమ్మమే సరైంది. నాకు కావలసింది..."

అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో అందరికీ అర్థమైంది. వెనక గుమ్మం ఉన్నది నా గదికి.

టేపు మనిషి కూడా కొలవడం మానేశాడు. సలహాల బావ మొహంలో నవ్వు మెల్లగా ఊరుతోంది. నా గది నేను వదలనని ఆయన లెక్క. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నేను ఆ గదిలోనే ఉంటున్నాను. నా మంచం, నా పెట్టె, ఆసుపత్రివాళ్లు సన్మానం చేసి ఇచ్చిన గోడగడియారం, నా మధ్యాహ్నపు చీకటి, అన్నీ అందులోనే. నెలంతా దీని తరఫున ఊరందరితో పోట్లాడాను. పోట్లాడింది అక్కర్లేని గది కోసమని ఇప్పుడు, ఈయన ముందు, ఈ టేపు మనిషి ముందు చెబుతుందా? ముందే చెప్పలేకపోయిందా అని దాని మీదే కోపం పొంగింది.

"ముందే చెప్పొచ్చు కదే."

"మీ గది ఎలా అడగను అక్కా?" అంది. తల దించలేదు, దబాయించనూ లేదు. "అందుకే ఇన్నాళ్లూ మెట్టు మీద కూర్చున్నాను. నా పాత కుట్టుమిషను మెట్టు మీద పట్టదు."

"చూశారా," అన్నాడు సలహాల బావ. "అక్కయ్యనే గదిలోంచి గెంటేసే వ్యాపారం. అయినా బాగుంది చెల్లెమ్మా, ముందు మావాడు సన్నబడటం నేర్పిస్తాడు, వెనక నువ్వు వదులు చేస్తావు. ఒకే ఇంట్లో రెండూ." స్నేహితుడు నవ్వాడు. మా మరిదీ నవ్వబోయి, నన్ను చూసి మానేశాడు.

నన్ను గెంటేయడమా? నన్ను ఎవరైనా ఎక్కడి నుంచైనా గెంటేసిన రోజుందా? ఆసుపత్రి నుంచి కూడా నా తేదీ వచ్చాకే, నా కాళ్ల మీద నేనే నడిచి వచ్చాను.

"అబ్బాయీ," అన్నాను మా మరిదితో. "నా మంచానికి అటు పక్క పట్టుకో."

"ఎక్కడికి వదినా?"

"ముందు గదిలోకి. గడియారం కూడా తీసుకురా. తమ్ముడూ, మీవాడి టేపు ఆ కిటికీ దగ్గర్నుంచి తీయమను, నా తలగడ అటే వస్తుంది."

"మరి మావాడికి గది..."

"మీవాడికి మేడ ఉంది కదా, నీదే. కుందేళ్లు ఖాళీ చేసి చాలా కాలమైంది."

మధ్యాహ్నానికి మంచం మారింది. చిన్నది కుట్టుమిషను వెనక గదిలో, సందు వైపు తలుపుకు మూడడుగుల లోపల పెట్టుకుంది. వచ్చినవాళ్లు లోపలికి వచ్చి చాటుగా నిలబడేలా ఒక దుప్పటి తెర కట్టింది. బోర్డు అక్కర్లేదని దింపేసింది. వెనక సందు కబురు సందుల్లోంచే పోతుందట. పోయింది కూడా. కాపలా అతను ఇప్పుడు బ్యాంకు ముందు బెల్టు సర్దుకోకుండా నిలబడుతున్నాడు. సలహాల బావ మాత్రం కొత్త మాట కనిపెట్టాడు. ఈ ఆలోచన మొదట తనదేనని, గడువు పెట్టబట్టే చెల్లెమ్మ తేల్చుకుందని అందరికీ చెబుతున్నాడు. చెప్పనీయండి. ఆయన వీధిలోకి వచ్చినప్పుడల్లా ఇప్పుడు కిటికీ దగ్గర నేనే ఉంటున్నాను.

ముందు గదిలో నిద్ర పట్టదు. పొద్దున పాల సైకిళ్లు, మధ్యాహ్నం బడి వదిలిన పిల్లలు, సాయంత్రం లోకంలో ఉన్న హారన్లన్నీ. నిన్న కునుకు పట్టబోతుండగా కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. మంచి బట్టల్లో ఉన్న పెద్దమనిషి, చేతిలో కాగితం సంచి.

"అమ్మా, ఇక్కడ బట్టలు వదులు చేస్తారని..." అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

కిటికీకి అంత దగ్గరగా నిలబడ్డాడేమిటా అని రోడ్డు మీద ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"ఇక్కడెవరూ అలాంటివి చేయరు," అన్నాను అందరికీ వినపడేలా. ఆయన మొహం వాడిపోయింది. చూస్తున్నవాళ్లు దాటి వెళ్లేదాకా ఆగి, తలగడ సర్దుకుంటున్నట్టు వంగి, కనుసైగతో వెనక సందు వైపు చూపించాను.